పటేలు కర్ర

నిర్మల్,
12 నవంబరు 1966

గట్టన్నకు,

బుచ్చిరాములు రాసే ఉత్తరం. మల్లక్క వదినెకు దండాలు చెప్పు.

ఇక్కడ అందరం బాగున్నాం. సరోజనకు మోకాళ్ళ నొప్పులు, నాకు ఆమె సణుగుడు. అల్లుడు దుకాణంలో కట్టె బొమ్మలు చెక్కుతాడు, నేను పక్కన కూర్చొని వాటికి చింతగింజల జిగురు పూస్తాను. ఒకప్పుడు మొఖానికి రంగు పూసుకున్న చేతులు ఇప్పుడు చిలుకలకు పూస్తున్నాయి. చిలుకలు నయం, నీ లెక్క ఎదురు మాట్లాడవు.

ఇగ అసలు ముచ్చట విను. మన మీద సినిమా తీస్తారట! నవ్వకు. జగిత్యాల పిల్లగాడు, పేరు పర్శరాములు. మద్రాసులో ఏండ్లకేండ్లు డైరెక్టర్ల వెనుక తిరిగి ఇప్పుడు తానే డైరెక్టరయ్యాడు. చిన్నప్పుడు వాళ్ళ బాపు భుజం మీద కూర్చొని మన పటేలు-జీతగాడు ఆట చూశాడట. నేను పటేలు వేషంలో కర్ర పట్టుకొని నిన్ను తిట్టడం, నువ్వు జీతగాడి వేషంలో చేతులు కట్టుకొనే నా పరువు తీయడం, అంతా వాడికి నోటికి వచ్చు. మన దోస్తానా మీదనే సినిమా అన్నాడు. వెంట ఒక పెట్టె తెచ్చాడు, టేపు మిషనట. మన మాటలు మింగి, మళ్ళీ మన గొంతుతోనే కక్కుతుంది.

"నిజంగ మీరిద్దరు దోస్తులేనా తాతా?" అని అడిగాడు. దుకాణం నిండా జనం. ఏం చెప్పాలి? ఆట మొదలుపెట్టిన కొత్తలో మనిద్దరం ఒకే ఆకులో తింటుంటే ఊరోళ్ళు చూశారు. ఆ రోజు ఆటలో ఒక్క పురుగు నవ్వలేదు. "వీళ్ళు లోపట ఒక్కటేనట, ఉత్తగనే తిట్టుకుంటుండ్రు" అని లేచిపోయారు. ఆ రోజే కదా ఒట్టు పెట్టుకున్నాం, జనం కండ్ల ముందు మనం పగోళ్ళమే అని. వేరే తొవ్వల ఊర్లకు వచ్చాం, వేరే అరుగుల మీద తిన్నాం, ఊరు దాటినంకనే కలిసి నడిచాం. ఆ కట్టుబాటును ఈ ముసలితనంలో ఒక పిల్లగాడి కోసం తెంపుతానా? నిన్ను కడుపునిండా తిట్టాను. ప్రతి తిట్టుకు ముందు కర్రతో నేలను కొట్టాను. 'ఇది ఆటనే గట్టన్నా, మనసుల పెట్టుకోకు' అని నీకు చెప్పే గుర్తు అదే కదా.

వాడు నీ దగ్గరికీ వస్తున్నాడు. నువ్వు కూడా నన్ను తక్కువ తిట్టకు.

నీ బుచ్చి


సుల్తానాబాద్,
3 డిసెంబరు 1966

శ్రీయుత బుచ్చిరాములు గారికి,

మీరు పంపిన పిల్లగాడు వచ్చాడు. నేను కావలి ఉండే రైస్‌మిల్లులో వడ్ల బస్తాల మీద పెట్టె పెట్టి మీ గొంతు వినిపించాడు. హమాలీలంతా పని ఆపి మూగారు. గొంతు ఏమీ ముసలిది కాలేదు. నేను తిండిపోతునన్నారు, దొంగనన్నారు, నా నడక గుడ్డి ఎద్దు నడక అన్నారు. ఒక్కొక్క దానికి ముందు కర్ర చప్పుడు టక్కుమని వినబడింది. నేను లోపల నవ్వుకున్నాను. పైకి మాత్రం "వాని నోట్లె మన్నువడ" అన్నాను. హమాలీలు పడి పడి నవ్వారు.

ఆ తర్వాత పెట్టెలోనే, పిల్లగాడు మిమ్మల్ని గుండ్లకుంట ముచ్చట అడగడం వినబడింది. "నలభై ఎనిమిదిల, నైజాం పోకముందు ఎండకాలం, గుండ్లకుంట అంగడిల ఆట నడుస్తుంటే జీతగాణ్ణి జైలుకు పట్టుకపోయిండ్రు గద తాతా. గా ఊరి దొరను ఎక్కిరిస్తుండని ఎవలో ముందే చాడీ చెప్పిండ్రట. గది మీరేనట గద?" అన్నాడు.

మీ జవాబు విన్నాను. "ఔను, నేనే చెప్పిన. వాని పీడ పోతదని నేనే పట్టిచ్చిన" అన్నారు.

హమాలీలు దానికి కూడా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాటకు ముందు కర్ర చప్పుడు లేదు. మళ్ళీ వినిపించమన్నాను. చెవి పెట్టెకు ఆనించి విన్నాను. పిల్లగాడు విసుక్కున్నాడు కూడా. చప్పుడు లేదు.

ప్రతి తిట్టుకు ముందు కర్ర కొట్టానని మీరే రాశారు. ఈ ఒక్క మాటకు ఎందుకు కొట్టలేదు? గుండ్లకుంట ముచ్చట వచ్చిందని మీ ఉత్తరంలో ఎందుకు లేదు?

జవాబు రాయగలరు.

గట్టయ్య


నిర్మల్,
14 డిసెంబరు 1966

గట్టన్నా,

'శ్రీయుత' అని రాశావు. 'గారు' అని రాశావు. ఉత్తరం నాకేనా, పోస్టాయన పొరపాటున ఎవరిదో ఇచ్చాడా అని పైన పేరు మళ్ళీ చదువుకున్నాను. నువ్వు నన్ను గాడిద కొడుకా అన్న రోజు కూడా నాకు ఇంత బాధ కాలేదు.

కర్ర సంగతి చెప్తాను. పిల్లగాడు నడుమ మిషను ఆపి, "తాతా, నీ కర్ర చప్పుడు గీ పెట్టెల పిడుగు వడ్డట్టు వడుతుంది, జర పక్కకు వెట్టు" అని నా చేతిలోంచి తీసి గోడకు ఆనించాడు. ఆ తర్వాతనే గుండ్లకుంట ముచ్చట అడిగాడు. అంతే. ఉత్తరంలో ఎందుకు రాయలేదంటే, ఆ మాట కాగితం మీద పెట్టబుద్ధి కాలేదు. మనిద్దరం ఎన్నడూ ఆ ముచ్చట మాట్లాడుకోలేదు కదా.

సరే, నన్ను అడిగినట్టే నేనూ నిన్ను ఒకటి అడుగుతాను. సినిమాలో గుండ్లకుంట సీను మనిద్దరితోనే తీస్తానని పర్శరాములు అంటే, "బుచ్చిరాములు ఉంటె నేను రాను" అన్నావట. తిరిగి పోయేటప్పుడు ఇక్కడ ఆగి వాడే చెప్పాడు. నువ్వు ఇంకా ఏమేం అన్నావో వినిపించమంటే, "వద్దు తాతా, మంచిగుండదు" అని పెట్టె మూసేశాడు. వినిపించినా నాకేం తెలుస్తుంది? నా గుర్తు కర్ర చప్పుడు. నీ గుర్తు చెవి గోక్కోవడం. నువ్వు చెవి గోక్కుంటే పెట్టెలో వినబడుతుందా? నువ్వు ఆటకే తిట్టావో, ఇన్నేండ్లు కడుపులో దాచుకున్నది కక్కావో నేనెట్ల తెలుసుకోవాలి?

నా పక్కన నిలబడటానికి నీకు అంత కష్టమెందుకు? ఒక్కడివే తెర మీద పడాలని ఉంటే సూటిగా చెప్పు, నేను తప్పుకుంటాను.

బుచ్చిరాములు


సుల్తానాబాద్,
8 జనవరి 1967

బుచ్చిరాములుకు,

రానన్నది నిజమే. తెర మీద ఆశతో కాదు. నీ పక్కన నిలబడాలంటే నాకు ముందు ఒక జవాబు కావాలి.

కర్ర తీసి గోడకు పెట్టాడన్నావు. మంచిది. మరి గుండ్లకుంటలో ఏ గోడకు పెట్టావు?

ఆ పగటాట నీకు యాదికి లేకపోతే నేను చెప్తాను. నేను దొర మీసం తిప్పినట్టు తిప్పి, "మా పటేలు మీసానికి నిమ్మకాయలు నిలవడుతయి గని మా కుండల గింజ నిలవడది" అన్నాను. అంగడి అంతా నవ్వింది. అప్పుడే దొర మనుషులు, ఠాణా జవాన్లు మీదికి ఎక్కారు. నా రెక్కలు వెనుకకు విరిచి తాడు కడుతున్నారు. నువ్వు అంగడి మొత్తానికి వినబడేటట్టు అరిచావు, "తీస్కపోండ్రి వాణ్ణి! మంచిగైంది!" అని.

నేను భయపడలేదు. ఆట కాపాడుతున్నాడు మా తమ్ముడు అనుకున్నాను. కర్ర చప్పుడు కోసం చెవులు రిక్కించాను. బండి దాకా ఈడ్చుకపోతుంటే వెనుకకు చెవి పెట్టే నడిచాను. రాలేదు. జైలులో రాళ్ళు కొట్టేటప్పుడు కూడా దాని గురించే ఆలోచించాను. పోలీసు చర్య అయినంక మమ్మల్ని విడిచిపెడితే, ఏ ఊరికి పోయినా ఒకటే మాట, "గా పటేలు వేషపోడే చెప్పిండు, వానికి నీ మీద పగ గద" అని. నేను కొట్టిపారేశాను. మళ్ళీ నీతోనే ఆట కట్టాను. ఒక్కనాడు అడగలేదు.

ఉత్తుత్తి తిట్లకు వాగే నీ కర్రకు, నన్ను పట్టించే మాటలన్న రెండు సార్లూ నోరు పడిపోయింది. ఏం రోగం దానికి?

చాడీ నువ్ చెప్పినవా, లేదా? గీ ఒక్కటి రాయి. ముచ్చట్లు వెట్టకు.

గట్టయ్య


నిర్మల్,
20 ఫిబ్రవరి 1967

గట్టన్నా,

చెప్పలే. సరోజన తోడు, నేను చెప్పలే.

ఈ ఒక్క ముక్క రాసి పోస్టులో వేద్దామనుకున్నాను. అది చాలదని సరోజన అన్నది. రాసి చింపి, రాసి చింపి ఇన్ని దినాలు చేశాను.

ఎవరో చాడీ చెప్పాల్సిన పనే లేదు అన్నా. దొర మనుషులు జనం నడుమ ముందే కూర్చొని ఉన్నారు. నువ్వు ఆయన మీసం తిప్పుతుంటే వాళ్ళ కండ్లు లేవా?

జవాన్లు మీదికి ఎక్కగానే మొదట పట్టుకున్నది నిన్ను కాదు, నా కర్రను. వాళ్ళను కొడతాననుకున్నారేమో, గుంజుకున్నారు. నన్ను ఎందుకు విడిచిపెట్టారంటే, మనం పగోళ్ళమని ఆ ఊరికి తెలుసు. నేను "మా అన్నను ఇడ్సిపెట్టుండ్రి" అని ఉంటే ఇద్దరం అదే బండి ఎక్కేవాళ్ళం. అప్పుడు మల్లక్క వదినెకు కబురు ఎవరు చేరవేయాలి? అందుకే అరిచాను. నీ బండి కనుమరుగు కాగానే మొఖం రంగు కూడా కడుక్కోకుండా సుల్తానాబాద్ తొవ్వ పట్టాను. కావాలంటే వదినెను అడుగు, ఏ మొఖంతో వచ్చానో.

అరిచేటప్పుడు అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తి నేలకు దించాను. చేతిలో కర్ర లేదు. నీ వీపు నా వైపు ఉంది, నువ్వు చూడలేదు. మొన్న దుకాణంలోనూ అంతే. అంత మంది ముందు "మీరేనట గద" అని వాడు అడిగితే కాదని ఎట్ల అంటాను? కాదంటే మనం దోస్తులమని ఒప్పుకున్నట్టే. చెయ్యి ఎత్తాను, దించాను, కర్ర గోడకు ఉంది. అప్పటికే మాట నోరు దాటింది.

ఇంకొకటి దాచాను, అది కూడా చెప్పేస్తాను. ఆ కర్ర మళ్ళీ నాకు దొరకలేదు. నువ్వు జైలు నుంచి వస్తున్నావని తెలిసి కోరుట్లలో అట్లాంటి కర్రనే కొన్నాను. కంచరాయన దగ్గర కూర్చొని అచ్చం పాతదాని లెక్క మూడు ఇత్తడి కట్లు వేయించాను. ఎందుకంటే, కర్ర పోయిందంటే ఆనాడు గుర్తు కొట్టలేదని నీకు తెలిసిపోతుంది. గుర్తు లేకుండా నేనన్న మాట నిజమనుకుంటావేమోనని భయపడ్డాను. నువ్వు ఏమీ అడగలేదు కాబట్టి, గోలలో చప్పుడు విన్నట్టే అనుకున్నావని సంబరపడ్డాను.

నమ్మితే నమ్ము. లేకుంటే నీ ఇష్టం.

బుచ్చి


సుల్తానాబాద్,
11 మార్చి 1967

బుచ్చీ,

నీ ఉత్తరం మల్లక్కకు చదివి వినిపించాను. "రంగు మొఖంతోటి వచ్చి అర్గు మీద కూలవడ్డడు, నీళ్ళు సుత తాగలే" అన్నది. అని ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు అనుమానం ఇంకా పోలేదు. ఎందుకు పోలేదో చెప్తాను, ఇది మల్లక్కకు కూడా చెప్పలేదు.

ఠాణాలో నన్ను బోర్లా పండబెట్టి కొట్టింది నీ కర్రతోనే.

తెలియక కాదు, నా కండ్ల ముందే నేల మీద ఆనించారు. మూడు ఇత్తడి కట్లు. నడిమి కట్టు మీద సొట్ట. ధర్మపురి జాతరలో బండి మీది నుంచి నేను జారవిడిస్తే పడ్డ సొట్ట. పటేలు కర్ర వీళ్ళ చేతికి ఎట్ల వచ్చింది, వాడే ఇచ్చాడా అనుకున్నాను. సరే, గుంజుకున్నారేమో అని కూడా అనుకున్నాను. కానీ జైలు నుంచి వచ్చిన దినం నువ్వు ఎదురొస్తే, మూడు కట్ల కర్ర మళ్ళీ నీ చేతిలోనే ఉంది! ఠాణా వాళ్ళు పిలిచి తిరిగి ఇచ్చారంటే నువ్వు వాళ్ళ మనిషివి కాక ఇంకేమిటి?

ఆ తర్వాత ఎన్ని ఊర్లు తిరిగాం, ఎన్ని ఆటలు ఆడాం! నువ్వు కర్ర నేలకు కొట్టినప్పుడల్లా నా వీపు జలదరించేది. నేను ఎగిరి పడేవాణ్ణి. జనం పగలబడి నవ్వేవారు. నీకు కూడా అది ఆటే అనిపించింది.

ఆ సొట్ట ఉందా లేదా అని ఒక్కసారి నీ కర్ర పట్టి చూస్తే అయిపోయేది. చూడలేదు. ఉంటే నేనేం చేయాలి? నిన్ను విడిచిపెట్టి ఎవరితో ఆడాలి, ఎవరితో నడవాలి?

షూటింగుకు వస్తానని పర్శరాములుకు చెప్పాను. కర్ర తెచ్చుకో. కోరుట్లలో కొన్నది నిజమైతే నడిమి కట్టు నున్నగా ఉండాలి. నీ మాట కాదు, నా బొటనవేలు చెప్తే నమ్ముతాను.

గట్టయ్య


నిర్మల్,
19 ఆగస్టు 1968

గట్టన్నా,

షూటింగు అయి ఏడాది దాటింది. నీ దగ్గరి నుంచి ఒక్క ఉత్తరం లేదు. నేను రాస్తే జవాబు లేదు.

గుండ్లకుంటలో ఊరంతా గుమిగూడింది. నువ్వు ఆటలో భాగమే అన్నట్టు నా కర్ర గుంజుకున్నావు. బొటనవేలితో నడిమి కట్టు చుట్టూ తడిమావు. మళ్ళీ నా చేతిలో పెట్టావు. నీ మొఖంలో ఒక్క గీత కదలలేదు. అంత మందిలో నేను అడగలేను, నువ్వు చెప్పలేవు. ఆ తర్వాత నీ రెక్కలు విరిచి కట్టే సీను తీశారు. "తీస్కపోండ్రి వాణ్ణి" అని అరుస్తూ కర్రతో నేలను కొట్టాను. ఆనాడు కొట్టనిది, పెట్టె ముందు కొట్టనిది, అంతా కలిపి కొట్టాను. "ఆపు తాతా, చప్పుడు! చప్పుడు!" అని పర్శరాములు మొత్తుకుంటూనే ఉన్నాడు. కర్ర కొస చీలిపోయింది. నువ్వు వెనుకకు చూడకుండా బస్సెక్కి పోయావు.

సినిమా ఇప్పుడు నిర్మల్‌కు వచ్చింది. అన్నా, కర్ర చప్పుడు తీసేశారు! నేను చెయ్యి ఎత్తుతాను, దించుతాను, అక్కడ ఫిడేలు మోగుతుంది. పర్శరాములును అడిగితే, "దోస్తానా గొప్పగ కనవడాల్నంటె నడుమ ఒక్క ద్రోహం ఉండాలె తాతా, పెట్టెల మీరే ఒప్పుకున్నరు గద" అన్నాడు. సినిమా ప్రకారం నేను నిన్ను పట్టించాను, నువ్వు పెద్ద మనసుతో మాఫ్ చేశావు. జనం ఏడ్చుకుంటూ బయటికి వస్తున్నారు.

వచ్చి మా దుకాణం ముందు ఉమ్మి పోతున్నారు. అంగడిలో బుట్టలమ్మే గంగుబాయి మనుమరాలికి చిలుకను కొని, నేను రంగేసినదని తెలిసి వాపసు తెచ్చింది. "గా చేతులు తాకిన బొమ్మ నా ఇంట్ల వద్దు" అన్నది. అల్లుడు నన్ను లోపలి అర్రలో కూర్చొని పని చేసుకోమన్నాడు. "అసలు ముచ్చట చెప్పరాదా" అని సరోజన పోరుతోంది. నేను చెప్తే ఎవరు నమ్ముతారు? మనం పెట్టుకున్న కట్టుబాటు ఎట్లాగూ ఉంది. జనం నమ్మింది నమ్మనీ.

నాకు నీ జవాబు ఒక్కటి చాలు. కట్టు నున్నగా ఉందా, లేదా?

బుచ్చి


సుల్తానాబాద్,
2 సెప్టెంబరు 1968

తమ్మీ బుచ్చీ,

నున్నగా ఉంది. చేతికి తాకగానే తెలిసింది. అందుకే ఆగకుండా బస్సెక్కాను. ఇంకాసేపు నిలబడితే అంత మంది ముందు నిన్ను పట్టుకొని ఏడ్చేవాణ్ణి.

ఎందుకు రాయలేదని అడిగావు. ఏం రాయాలిరా? ఇన్నేండ్లు నీ పక్కన పండుకొని, నీ బువ్వ తిని, నిన్ను దొంగ అనుకున్నాను. పర్శరాములు తీసింది నేను నా మనసులో ఎప్పుడో చూసిన సినిమానే. కలం పట్టినప్పుడల్లా సిగ్గుతో పెట్టేశాను.

మొన్న కరీంనగర్ పోయి చూశాను. ఫిడేలు మోగిన కాడ కూడా నాకు కర్ర చప్పుడే వినబడింది. ముందు వరుసలో ఒకాయన "నీ చేతులు ఇర్గ, ముసలి నక్క!" అని నిన్ను తిట్టాడు. ఆగురా అందామని లేచాను. కట్టుబాటు యాదికొచ్చి మళ్ళీ కూర్చున్నాను. కూర్చున్నందుకు ఇంటి దాకా నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి చెప్తే మల్లక్క అన్నది, "ఆట బందువెట్టి ఎన్నేండ్లాయె, ఇంక ఎవల కోసం పగోళ్ళ లెక్క తిరుగుతుండ్రు?" అని. అసలు ముందే మనిద్దరం నలుగురి ముందు ఒక్క మాట మంచిగా మాట్లాడుకొని ఉంటే, ఊరోళ్ళకు ఆ అనుమానం వచ్చేదా? నాకు వచ్చేదా?

వచ్చే అంగడి దినం మొదటి బస్సుకు వస్తున్నాం, నేను, మల్లక్క. ఆమె సర్వపిండి చేసి మూట కట్టుకుంటానన్నది. సరోజన చెల్లెను పచ్చిపులుసు చేసి ఉంచమను. ఇంట్లో కాదు, గంగుబాయి బుట్టలు పెట్టుకునే కాడ, అంగడి నడిమిట్ల ఒక్క మోదుగాకు విస్తరి పరుస్తాను. ఒక్కటే. ఇద్దరం దాంట్లోనే తినాలె. చూసేటోళ్ళందరిని చూడనీ. ఎవ్వడు నవ్వకున్నా మంచిదే.

నేను చెవి గోక్కోను. నువ్వు తిట్టకు.

కర్ర ఇంట్లనే పెట్టి రా.

నీ గట్టన్న